దోమతెర లోపల దోమలు

సికింద్రాబాద్ స్టేషన్‌కు బోయిగూడ వైపు నుంచి వెళ్తే నేరుగా పదో నంబరు ప్లాట్‌ఫాం మీద తేలతారు. ఒకరోజు అలా తేలినవాళ్లలో ముగ్గురు పెద్దమనుషులు ఉన్నారట. ఒకాయన ఇంజనీరు, ఒకాయన భౌతికశాస్త్రం ప్రొఫెసరు, ఇంకొకాయన గణితం ప్రొఫెసరు. కాజీపేట వైపు వెళ్లే బండెక్కి కూర్చున్నారు. ఘట్‌కేసర్ దాటాక పొలంలో ఒక తెల్ల బర్రె కనిపించింది.

‘అరె, ఈ వైపు బర్రెలు తెల్లగా ఉంటాయన్నమాట!’ అన్నాడు ఇంజనీరు.

‘అలా ఎలా అంటారు? ఈ వైపు బర్రెల్లో కొన్ని తెల్లవి, అంతే’ అన్నాడు భౌతికశాస్త్రం ఆయన.

గణితం ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. ‘ఘట్‌కేసర్ దాటాక కనీసం ఒక పొలం ఉంది. ఆ పొలంలో కనీసం ఒక బర్రె ఉంది. ఆ బర్రెకు కనీసం ఒక పక్క తెల్లగా ఉంది. మనకు తెలిసింది ఇంతే.’

ఎదురుసీటులో తలపాగా చుట్టుకున్న తాత అంతా విన్నాడు. ‘రెండో పక్క సంగతి ఇడిసిపెట్టుండ్రి సార్లూ. అది పాలిస్తదా ఇయ్యదా, గది చెప్పుండ్రి’ అన్నాడు.

ఈ జోకు అసలు స్కాట్లాండ్‌ది. అక్కడ కనిపించేది నల్ల గొర్రె. ఆ గొర్రెను ఉన్నదున్నట్టు తెలంగాణకు తోలుకొస్తే ఎవరూ నవ్వరు. దక్కని గొర్రెల్లో నల్లవే ఎక్కువ, కురుమలు గొంగళ్లు నేసేది వాటి ఉన్నితోనే. అందుకే ఇక్కడికి వచ్చేసరికి గొర్రె బర్రె అయింది, నలుపు తెలుపయింది. తాత మాత్రం స్కాట్లాండ్ జోకులో లేడు. ఉంటే బాగుండేది.

శాస్త్రవేత్తల మీద లోకంలో ఉన్న జోకులన్నీ దాదాపు ఈ ఒక్క తేడా చుట్టూనే తిరుగుతాయి. మామూలు మనిషికి జవాబు కావాలి. శాస్త్రవేత్తకు ‘ఇంతవరకే చెప్పగలను’ అనే గీత కావాలి. వానాకాలంలో బేగంపేటలోని వాతావరణ కేంద్రం ‘ఒకటి రెండు చోట్ల మోస్తరు వర్షం’ అని ప్రకటించినప్పుడల్లా ఇంట్లో ఎవరో ఒకరు ‘ఆ ఒకటి రెండు చోట్లు ఎక్కడో చెప్పి పుణ్యం కట్టుకోవచ్చుగా’ అంటారు. కేంద్రం వాళ్లు మాత్రం తప్పించుకోవడానికి ఆ మాట అనరు. ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించని చోట్ల పడుతుందనుకుంటేనే ‘ఒకటి రెండు చోట్ల’ అనాలి, సగానికి లోపైతే ‘కొన్ని చోట్ల’ అనాలి, ఇలా లెక్క ఉంది. మోస్తరు వర్షమన్నా అంతే. 24 గంటల్లో 15.6 మిల్లీమీటర్ల నుంచి 64.4 మిల్లీమీటర్ల దాకా పడితేనే అది మోస్తరు. 64.5 పడిందా, భారీ వర్షం. గొడుగు పట్టుకెళ్లాలా వద్దా అని అడిగినవాడికి ఈ పట్టిక వల్ల ఒరిగేదేమీ లేదు, నిజమే. కానీ రేపు ఆ జోస్యం నిజమైందో అబద్ధమైందో తేల్చాలంటే ఈ పట్టిక ఉండాల్సిందే. తప్పని రుజువు కాగలిగేలా మాట్లాడటం మనలో చాలామందికి అలవాటు లేని పని.

ఆ వాతావరణ కేంద్రం ఉన్న బేగంపేటలోనే, దానికంటే విడ్డూరంగా ప్రవర్తించిన ఒక డాక్టరు నూట పాతికేళ్లకు పైగా కిందట ఉండేవాడు. ట్రాఫిక్ కరుణిస్తే బోయిగూడ నుంచి అరగంటలో వెళ్లిపోయే దూరం. పేరు రొనాల్డ్ రాస్. అల్మోరాలో 1857లో పుట్టాడు, మద్రాసు పటాలంలో సైనిక వైద్యుడిగా సికింద్రాబాద్ కంటోన్మెంటుకు వచ్చాడు. జ్వరాలొచ్చిన సిపాయిలకు క్వినైన్ ఇవ్వడం ఆయన ఉద్యోగం. ఆయన బుర్రలో మాత్రం దోమ దూరింది.

దూర్చినవాడు లండన్‌లో ఉన్న ప్యాట్రిక్ మాన్సన్. బోదకాలు పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని చైనాలో కనిపెట్టిన ఆయన, మలేరియాకూ దోమకూ లంకె ఉంటుందని పట్టుబట్టేవాడు. తోటి డాక్టర్లు వెనకాల ‘దోమల మాన్సన్’ అని నవ్వుకునేవారు. అసలు రాస్ కూడా మొదట్లో నమ్మలేదు. ఫ్రెంచి డాక్టరు లావెరాన్ 1880లో మలేరియా రోగి రక్తంలో పరాన్నజీవిని చూశానంటే, అలాంటిదేమీ లేదని వ్యాసాలు కూడా రాశాడు. 1894లో మాన్సన్ సూక్ష్మదర్శినిలో దాన్ని కళ్లారా చూపించాక ప్లేటు ఫిరాయించాడు, ఇక వెనక్కి తిరిగి చూడలేదు.

1895లో సికింద్రాబాద్ చేరాక రాస్ చేసిన పనులు ఒక్కొక్కటీ చూస్తే, చుట్టుపక్కలవాళ్లు ఏమనుకుని ఉంటారో ఊహించడం కష్టం కాదు. మామూలు ఇంట్లో దోమతెర లోపల మనిషి ఉంటాడు, బయట దోమ ఉంటుంది. రాస్ రోగిని తెర లోపల పడుకోబెట్టి, దోమల్ని కూడా లోపలికే వదిలాడు. కుట్టించుకున్నందుకు డబ్బులిచ్చాడు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగికి కట్టిన ధర, కుట్టిన దోమకు ఒక అణా. రోగి డాక్టరుకు ఫీజివ్వడం లోకం తీరు. డాక్టరే రోగికి, అదీ దోమల లెక్కన ఫీజివ్వడం అంతకుముందు ఈ జంటనగరాలు ఎరగవు.

కుట్టి పొట్ట నింపుకున్న దోమను పట్టి సీసాలో దాచి, కొన్ని రోజులాగి, సూదులతో పొట్ట చీల్చి, పొర పొరగా సూక్ష్మదర్శిని కింద చూడాలి. ఎండాకాలం, బేగంపేట. పంకా లాగించుకోవడానికి వీల్లేదు, గాలికి దోమ ముక్కలు ఎగిరిపోతాయి. నుదుటి నుంచి, చేతుల నుంచి కారిన చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయని, మిగిలిన ఒకే ఒక్క కంటికటకం కూడా పగిలిందని రాస్ తరవాత రాసుకున్నాడు. ఇంత చేసినా ఫలితం? రెండేళ్లపాటు సున్నా. ఆయన కోసిన దోమలన్నీ మలేరియాను మొయ్యని జాతివి. అవి దొరకడం తేలిక, అందుకని వాటినే కోశాడు.

మధ్యలో మాన్సన్ ఊహ కూడా ఆయన్ని పక్కదారి పట్టించింది. దోమ నీళ్లలో గుడ్లుపెట్టి చచ్చిపోతుందని, ఆ నీళ్లు తాగినవాళ్లకు జ్వరం వస్తుందని మాన్సన్ నమ్మకం. సరే, అదీ చూద్దామని రాస్ దోమలు చచ్చిన నీళ్లను మనుషుల చేత తాగించాడు. మొదట తాగినవాడికి ఒళ్లు వెచ్చబడింది కూడా. మామూలుగా అయితే అక్కడే కథ ముగియాలి. ‘చూశారా, నేను చెప్పలా’ అని ఎవరైనా చాటింపు వేస్తారు. రాస్ మరికొందరితో తాగించి చూశాడు, జ్వరం నిలకడగా రాలేదు, ఊహను పక్కన పెట్టేశాడు. ఈ రోజుల్లో ఇలాంటి ప్రయోగానికి ఏ ఆసుపత్రి నైతిక సంఘమూ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. ఆ తప్పు తప్పే. కానీ తనకు అనుకూలంగా వచ్చిన మొదటి ఫలితాన్నే శంకించడం చిన్న విషయం కాదు.

1897 ఆగస్టులో ఆయన దగ్గరికి వేరే రకం దోమలు వచ్చాయి. గోధుమరంగు ఒళ్లు, రెక్కల మీద మచ్చలు. ఈనాడు మనం అనాఫిలిస్ అనే దోమలవి. వాటి చేత హుసేన్ ఖాన్‌ను కుట్టించాడు. ఆగస్టు 20న మిగిలినవాటిలో ఒకదాన్ని కోసి, పొట్ట గోడ చివరిదాకా చూస్తూ వెళ్తే, అక్కడ ఉండకూడని గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో నల్లటి రంగు రేణువులు ఉన్నాయి. అవి మలేరియా పరాన్నజీవి ఆనవాళ్లు. మర్నాడు ఇంకో దోమను కోస్తే ఆ కణాలు ఇంకా పెద్దవయ్యాయి, అంటే పెరుగుతున్నాయి. ప్రపంచం ఇప్పటికీ ఆగస్టు 20ని దోమల దినంగా జరుపుకుంటుంది. ప్రభుత్వం జరిపిన సత్కారం వేరు. సెప్టెంబరులో రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ. మలేరియా పరిశోధనకు అక్కడ దాదాపు పనే లేదు. మిగతా సగం పనిని 1898లో కలకత్తాలో పిట్టల మలేరియా మీద పూర్తిచేశాడు, 1902లో నోబెల్ అందుకున్నాడు. బేగంపేట భవనం ఇప్పుడు ఆయన పేరుతోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో ఉంది.

బేగంపేటకు ఇంకో ఘనత కూడా ఉంది. మన ఊళ్లలో పనీపాటా లేనివాణ్ని ‘చుక్కలు లెక్కపెడుతున్నావా’ అంటాం. నిజాం సర్కారు జీతాలిచ్చి మరీ ఆ పని చేయించింది. నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి 15 అంగుళాల దూరదర్శిని తెప్పించి ఫిసల్‌బండలో 1901లో మొదలుపెట్టిన నిజామియా వేధశాల, ఆయన పోయాక సర్కారు చేతికి వచ్చి బేగంపేటకు మారింది. ప్రపంచంలోని వేధశాలలన్నీ ఆకాశాన్ని పట్టీలు పట్టీలుగా పంచుకుని ఫొటోలు తీసి, ప్రతి నక్షత్రం చోటునూ కొలవాలన్న బృహత్ పథకంలో హైదరాబాద్‌కూ ఒక పట్టీ దక్కింది. పోకాక్, ఆయన తరవాత టి.పి. భాస్కరన్ ఆధ్వర్యంలో ఏళ్ల తరబడి గాజుపలకల మీద చుక్క పక్కన చుక్కను కొలుచుకుంటూ పోయారు. చివరికి 12 సంపుటాలు అచ్చయ్యాయి. మొత్తం 7 లక్షల 63 వేల పైచిలుకు నక్షత్రాలు. ఎందుకూ అంటే, వందేళ్ల తరవాత ఎవరైనా మళ్లీ కొలిస్తే ఏ నక్షత్రం ఎంత జరిగిందో తెలుస్తుంది కాబట్టి. తాను చూడబోని ఫలితం కోసం, తాను చూడబోని మనిషికి లెక్క రాసిపెట్టడం! ఇంట్లో ఈ ఉద్యోగం గురించి భార్యకు ఎలా వివరించేవారో చరిత్రకెక్కలేదు.

లెక్కల మాటకొస్తే సి.ఆర్. రావు గారిని దాటిపోలేం. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో బళ్లారి జిల్లా హడగలిలో తెలుగింట పుట్టారు. ఎనిమిదో సంతానం కనుక దేవకి ఎనిమిదో బిడ్డ పేరు పెట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖ, ఇలా తండ్రి బదిలీల వెంట చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం పూర్తిచేసి, కలకత్తా వెళ్లి గణాంకశాస్త్రంలో ప్రపంచ పెద్ద అయ్యారు. 102 ఏళ్ల వయసులో, 2023లో, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకుని, ఆ ఏడాదే కన్నుమూశారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఆయన పేరిట పరిశోధన సంస్థ ఉంది. ఆయన తన పుస్తకంలో చెప్పిన ఉప్పు కథ ఒకటుంది. కలకత్తా గణాంక సంస్థలో ఆయన సహచరుడు జె.ఎం. సేన్‌గుప్తా ఆలోచన అది.

1947. దేశవిభజన అల్లర్లలో ఢిల్లీలోని ఒక మతం వాళ్లు ఎర్రకోటలో తలదాచుకున్నారు. వాళ్లకు తిండి పెట్టే బాధ్యతను ప్రభుత్వం కాంట్రాక్టర్లకు అప్పగించింది. లోపల ఎంతమంది ఉన్నారో ఎవరికీ తెలియదు, లోపలికి వెళ్లి తలలు లెక్కపెట్టే పరిస్థితి లేదు. కాంట్రాక్టర్లు ఎంత బిల్లు పెడితే అంతా కట్టాల్సిందే. బిల్లులు చూసి బెంబేలెత్తిన ప్రభుత్వం గణాంకవేత్తల్ని పిలిచింది. మామూలు అధికారి అయితే కాంట్రాక్టరును పిలిచి గద్దించేవాడు, లేదా వాటా అడిగేవాడు. గణాంకవేత్తలు బిల్లులే తెమ్మన్నారు. మనిషికి రోజుకు బియ్యం ఎంత, పప్పు ఎంత, ఉప్పు ఎంత కావాలో ఇంటి ఖర్చుల సర్వేల నుంచి తెలుసు. బియ్యం బిల్లును మనిషి బియ్యంతో భాగించారు, పప్పు బిల్లును మనిషి పప్పుతో, ఉప్పు బిల్లును మనిషి ఉప్పుతో. కాంట్రాక్టరు నిజాయతీపరుడైతే మూడింటికీ ఒకే జవాబు రావాలి. రాలేదు. బియ్యం లెక్కన జనం చాలా ఎక్కువ, ఉప్పు లెక్కన చాలా తక్కువ. బియ్యం ఖరీదు, దొంగలెక్క రాస్తే గిట్టుబాటు. ఉప్పు కారుచవక, దానిలో అబద్ధమాడి ఎవడు బాగుపడతాడు? కనుక ఉప్పు బిల్లు నిజం చెబుతోంది. జనం సంఖ్య బాగా తెలిసిన హుమాయూన్ సమాధి శిబిరంలో ఇదే లెక్క వేసి చూస్తే జవాబు దగ్గరగా వచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది గణితం కాదు, భాగహారం అయిదో తరగతి పాఠం. దొంగ బిల్లులో కూడా అబద్ధం చెప్పాల్సిన అవసరం లేని పద్దు ఏదో ఒకటి ఉంటుందని వెతకడమే గమ్మత్తు. చిట్టీ కంపెనీల్లో, పెళ్లి భోజనాల కేటరింగ్ లెక్కల్లో ఈ చిట్కా ఇప్పటికీ పనికొస్తుంది, ప్రయత్నించవచ్చు.

తార్నాక దాటి హబ్సిగూడ వెళ్తే సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ. అక్కడి లాల్జీ సింగ్ కథ వింటే ఎదురుసీటు తాతకు కూడా నవ్వాగదు. ఉత్తరప్రదేశ్ జౌన్‌పూర్ జిల్లా పల్లెటూరి నుంచి వచ్చిన ఆయన మొదట ఎంచుకున్న సమస్య, పాముల్లో ఆడా మగా ఎలా నిర్ణయమవుతుంది అన్నది. ‘పాము కనిపిస్తే కర్ర తీసుకోవాలి గానీ, అది ఆడదో మగదో నీకెందుకు నాయనా’ అని ఏ ఊరివాడైనా అంటాడు. పసుపు నలుపు పట్టీల కట్లపాము ఆడదాని క్రోమోజోములో జి-ఎ-టి-ఎ అనే నాలుగక్షరాలు పదే పదే, వేలం పాటలో అదే ధర పాడుతున్నట్టు, తిరిగి తిరిగి వచ్చే డీఎన్ఏ ముక్క ఒకటి ఆయనకు ఎడిన్‌బరోలో తోటి శాస్త్రవేత్తలతో చేసిన పనిలో చిక్కింది. అది మనుషుల్లోనూ ఉంది, ఒక్కో మనిషిలో ఒక్కో తీరుగా ఉంది. 1987లో సీసీఎంబీకి వచ్చాక ఆ పాము ముక్కతోనే మనిషి డీఎన్ఏ వేలిముద్ర తీసే పద్ధతిని రూపొందించాడు. కేరళలో తలశ్శేరి కోర్టు ముందున్న ‘బిడ్డ ఎవరిది’ అనే కేసు దానితో తేలింది. తరవాత రాజీవ్ గాంధీ హత్యకేసు దాకా వెళ్లింది. బిడ్డకు తండ్రెవరో చెప్పింది కట్లపాము అని జడ్జిగారికి ఎవరైనా వివరించారో లేదో.

ఇక్కడిదాకా చదివినవాళ్లకు శాస్త్రవేత్తల మెదడే వేరు అనిపించవచ్చు. అదేమీ లేదు. అదే మెదడు, అవే గోతులు. దానికి రుజువు కూడా హైదరాబాదులోనే ఉంది.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు ఇక్కడి రెసిడెన్సీ సర్జన్, వైద్యపాఠశాల పెద్ద. క్లోరోఫాం ఇచ్చేటప్పుడు రోగి ఊపిరిని గమనిస్తే చాలు, నాడి చూడక్కర్లేదు, క్లోరోఫాం గుండెను నేరుగా ఏమీ చేయదు అని ఎడిన్‌బరో గురువు దగ్గర నేర్చుకున్న పాఠం ఆయనకు వేదం. లండన్ వాళ్లు ఒప్పుకోలేదు. లారీ నిజాం ఖర్చుతో 1888లో కమిషన్ వేసి కుక్కల మీద ప్రయోగాలు చేసి తన మాటే నెగ్గిందన్నాడు. లాన్సెట్ పత్రిక పెదవి విరిచింది. అయితే మీ మనిషినే పంపండి, ఖర్చు మాది అని నిజాం వెయ్యి పౌండ్లిచ్చాడు. 1889లో లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. ఆయన గుండెకే ప్రమాదమని నమ్మేవాడు. వందలకొద్దీ కుక్కలు, కోతులు, మేకలు, కుందేళ్ల మీద ప్రయోగాలయ్యాక తన అభిప్రాయం మారిపోయిందని లండన్‌కు టెలిగ్రాం కొట్టాడు. లారీ విజయోత్సవం చేసుకున్నాడు.

తప్పు. 1911లో ఎ.జి. లెవీ అనే డాక్టరు పిల్లుల మీద చేసిన పనితో తేలిందేమిటంటే, క్లోరోఫాం మత్తు పలచగా ఉన్నప్పుడే గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. హైదరాబాదులో అన్ని వందల జంతువులు బలైనా ఈ ప్రశ్నను సరిగా అడగలేదు. మత్తు ఎక్కువైతే ఊపిరి ముందాగుతుందా, గుండె ముందాగుతుందా అన్నదాని మీదే వాళ్ల చూపంతా ఉంది. తనకు ముందే తెలిసిన జవాబును వందలసార్లు అడిగి, వందలసార్లూ అదే విని, లారీ పొంగిపోయాడు.

ఈ జబ్బుకు పీటర్ వేసన్ అనే మనస్తత్వవేత్త 1960లో చిన్న పరీక్ష పెట్టాడు. టీ బండి దగ్గర ఎవరి మీదైనా ప్రయోగించవచ్చు. ‘2, 4, 6. ఈ మూడంకెలు ఒక సూత్రానికి లోబడి ఉన్నాయి. నువ్వూ మూడంకెలు చెప్పు, సూత్రానికి సరిపోయాయో లేదో చెబుతాను. సూత్రమేమిటో కనిపెట్టు.’ దాదాపు అందరూ 8, 10, 12 అంటారు. సరిపోయింది. 20, 22, 24. సరిపోయింది. 100, 102, 104. అదీ సరిపోయింది. ‘రెండేసి పెరుగుతున్నాయి’ అని మీసం తిప్పుతారు. కాదు. సూత్రం ‘ఒకదానికంటే ఒకటి పెద్దది కావాలి’ అంతే. 1, 7, 50 అన్నా సరిపోయేది. తన ఊహను పడగొట్టే ఇలాంటి అంకెలు ఒక్కసారి అడిగి ఉంటే దారి తెలిసేది. ఎవరూ ‘కాదు’ వినడానికి ఇష్టపడరు.

1977లో అమెరికాలో మహోనీ, డిమాన్‌బ్రూన్ అనే ఇద్దరు ఇదే పరీక్షను 30 మంది శాస్త్రవేత్తలకు, 15 మంది చర్చి పాస్టర్లకు పెట్టారు. పాస్టర్లు శాస్త్రవేత్తలకు ఏ మాత్రం తీసిపోలేదు. పైగా శాస్త్రవేత్తలు తొందరపడి సూత్రాలు ప్రకటించారు, తప్పని తేలిన సూత్రాన్నే మళ్లీ ఎత్తుకున్నారు. ఆ వ్యాసం శాస్త్రవేత్తలే రాశారు, శాస్త్రపత్రికే అచ్చేసింది. ఇంకే వృత్తివాళ్లయినా తమ పరువు తీసే లెక్కను ఇంత శ్రద్ధగా తీసి, పట్టికలేసి, తమ పత్రికలోనే వేసుకుంటారా అన్నది అనుమానమే. ఒక శాస్త్రవేత్త తప్పును ఇంకొకడు పట్టుకుని వదలకపోవడం వల్ల శాస్త్రం నడుస్తుంది తప్ప, వాళ్ల మెదడులో ప్రత్యేకమైన పదార్థమేదో ఉండటం వల్ల కాదు.

మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఉబ్బసానికని ఇచ్చే చేప ప్రసాదం కోసం బారులు తీరే జనం మధ్య కూడా 2-4-6 పరీక్షే జరుగుతుంటుంది. కొర్రమీను పిల్ల నోట్లో పసుపు రంగు మందు పెట్టి గొంతులో వేస్తారు. వరసగా మూడేళ్లు మింగాలి, పథ్యం పాటించాలి. ‘మా బావమరిదికి తగ్గింది’ అనే మాట క్యూలో నాలుగడుగులకొకటి వినిపిస్తుంది. జన విజ్ఞాన వేదిక వాళ్లు ఏళ్లుగా అడుగుతున్నది వేరే: మింగినా తగ్గనివాళ్లెందరు, మింగకుండా తగ్గినవాళ్లెందరు? ఉబ్బసం దానంతట అదే ఎక్కువా తక్కువా అవుతూ ఉండే జబ్బు కాబట్టి ఆ రెండు అంకెలూ లేకుండా బావమరిది ఒక్కడితో ఏమీ తేలదు. సగం మందికి ఉత్త చేప, సగం మందికి మందు చేప, ఎవరిది ఏదో ఎవరికీ చెప్పకుండా ఇచ్చి చూడాలి. ఈ మాట ఆ క్యూలో అని చూడండి. చేప మింగడానికి రాత్రి నుంచి నిలబడ్డ మనిషి ముఖం ఎలా మారుతుందో చూస్తే, శాస్త్రవేత్తల మీద ఇన్ని జోకులు ఎందుకున్నాయో అర్థమవుతుంది.

అలాగని మామూలు మనుషులకు శాస్త్రీయంగా ఆలోచించడం చేతకాదనుకుంటే పొరపాటు. తమ వృత్తిలో అందరూ శాస్త్రవేత్తలే. భౌతికశాస్త్రవేత్తల మీద పాత జోకు ఒకటుంది: పాలు తగ్గాయని పాడిరైతు వెళ్తే, ఆ శాస్త్రవేత్త వారం రోజులు లెక్కలు కట్టి, ‘ముందుగా ఆవు గుండ్రంగా ఉందనుకుందాం’ అని మొదలుపెట్టాడట. జాన్ హార్ట్ అనే ఆయన ఆ మాటనే పుస్తకానికి పేరుగా పెట్టి, పర్యావరణ లెక్కలు ఎలా సులువు చేసుకోవాలో రాశాడు. బోయిగూడ కలప డిపోల వైపు వెళ్లి చూస్తే దీనికి సరిగ్గా తిరగేసిన పని కనిపిస్తుంది. శాస్త్రవేత్త ఆవును గుండ్రం చేస్తే, కలప వ్యాపారం గుండ్రటి దుంగను నలుచదరం చేసింది. దుంగ చుట్టూ టేపు వేసి, వచ్చిన కొలతను నాలుగుతో భాగించి, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. చుట్టుకొలత 4 అడుగులు, పొడవు 10 అడుగులు ఉన్న దుంగ ఈ లెక్కన 10 ఘనపుటడుగులు. బళ్లో నేర్పిన వృత్తం లెక్క వేస్తే 12.7 దాకా రావాలి. అంటే అయిదో వంతుకు పైగా మాయం. మోసం కాదు. బెరడు, అంచులు, రంపపు పొట్టు కింద పోయేదాన్ని ముందే తీసేశారు. 1736లోనే ఇంగ్లండులో ఎడ్వర్డ్ హోపస్ దీనికి పట్టికలు అచ్చేశాడు. ఎంత తప్పు చేస్తే పనికొస్తుందో తెలిసి తప్పు చేయడం, గుండ్రటి ఆవు జోకులోని అసలు విద్య ఇదే.

నవ్వొచ్చే పరిశోధనలకని 1991లో అమెరికాలో మొదలుపెట్టి ఇగ్ నోబెల్ అనే బహుమతులిస్తున్నారు. ముందు నవ్వించి తరవాత ఆలోచింపజేయాలి, అదే అర్హత. కప్పను అయస్కాంతంతో గాలిలో తేలించినందుకు 2000లో దీన్ని పంచుకున్న ఆండ్రే గైమ్, 2010లో గ్రాఫీన్ మీద పనికి అసలు నోబెలే కొట్టాడు. టీనేజి పిల్లలు ముక్కులో వేలు పెట్టుకోవడం మీద సర్వే చేసినందుకు బెంగళూరు నిమ్‌హాన్స్ డాక్టర్లు ఆండ్రేడ్, శ్రీహరి 2001లో గెలుచుకున్నారు. మరుసటి ఏడాది గణితం బహుమతి కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన కె.పి. శ్రీకుమార్, జి. నిర్మలన్‌లది. అంశం: భారతీయ ఏనుగు ఒంటి ఉపరితల వైశాల్యం.

వినగానే నవ్వొస్తుంది గానీ, జంతువు ఒంట్లోంచి ఎంత వేడి బయటికి పోతుందో తెలియాలంటే చర్మం ఎంతుందో తెలియాలి. ఏనుగును ఒలిచి పరిచి కొలవలేం కదా. వాళ్లు ఏనుగుల ఒళ్లంతా ఓపిగ్గా కొలిచి, చివరికి రెండే కొలతలు చాలని తేల్చారు: భుజం దగ్గర ఎత్తు, ముందరికాలి పాదం చుట్టుకొలత. ఎత్తును మీటర్లలో 6.807తో, పాదం చుట్టుకొలతను 7.073తో గుణించి కలిపి, 8.245 తీసేస్తే చదరపు మీటర్లలో వైశాల్యం వస్తుంది. ఇక మావటీలకు తరతరాలుగా తెలిసిన సంగతి ఇంకొకటుంది. ఏనుగు ఎత్తు దాని ముందరి పాదం చుట్టుకొలతకు సుమారు రెండు రెట్లు. రెండు విద్యల్నీ కలిపితే ఏనుగుతో పనే లేదు. నేలమీద అడుగు ముద్ర ఉంటే చాలు, చుట్టూ దారం వేసి కొలవచ్చు. దారం మీటరుంబావు వచ్చిందనుకుందాం. ఏనుగు ఎత్తు రెండున్నర మీటర్లు, చర్మం 17.6 చదరపు మీటర్లు. హైదరాబాద్ భాషలో చెప్పాలంటే 21 గజాలు. బోయిగూడ మెయిన్ రోడ్డులో ఆ 21 గజాలు ఇవాళ ఎంత పలుకుతాయో ఏ ప్లైవుడ్ దుకాణంలో అడిగినా చెబుతారు, అదీ ఒకటి రెండు చోట్ల అనకుండా, సూటిగా.